వజ్రం లేని కింబర్లైట్ ముక్క: కొని, కోయించి, నాలుగు నెలలు చూశాక

రాళ్ల డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. పన్నెండు రకాల రాళ్లు, ఒక్కోటి ఒక్కో అట్ట అరలో, దాని పక్కన చిన్న కార్డు. డబ్బా 1,450 రూపాయలు, కొరియర్‌కి ఇంకో 120. నిజానికి నాకు అందులో పదకొండు రాళ్లతో పని లేదు, వజ్రాలను భూమి లోతుల నుంచి పైకి మోసుకొచ్చే కింబర్లైట్ అనే రాయి ఒక్కటే కావాలి, అది విడిగా అమ్మరట, డబ్బా మొత్తం తీసుకోవాల్సిందే అన్నారు, సరేనని తీసుకున్నాను. కాబట్టి ఈ రివ్యూ దాదాపు ఆ ఒక్క రాయి గురించే. తర్వాత దాన్ని చీమకుర్తి రోడ్డులో ఒక చిన్న కటింగ్ షాపులో కోయించి పాలిష్ పెట్టించాను, ఆ పని ఎలా జరిగిందో కూడా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి రాయి కొన్నవాళ్లకి తర్వాత వచ్చే ఆలోచన అదే.

నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. రోజూ చూసేది గెలాక్సీ రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ అది గాబ్రో జాతి రాయి, ఆ నలుపులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. భూమి లోపల తీరిగ్గా చల్లారిన రాయి కాబట్టి గింజలు పెద్దవిగా, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, అందుకే అద్దంలా పాలిష్ తీసుకుంటుంది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కోహినూర్ గురించి ఎక్కడో చదివొచ్చి, "నాన్నా, నువ్వు రోజూ రాళ్లే చూస్తావు గదా, వజ్రం ఉండే రాయి ఎట్టుంటది?" అని అడిగింది. కింబర్లైట్ అని పేరు చెప్పాను, చేతిలో పెట్టి చూపించడానికి మాత్రం నా దగ్గర లేదు. ఒంగోలులో, నెల్లూరులో జాతిరాళ్ల షాపుల్లో అడిగితే ఉంగరంలో పొదిగే రాళ్లు చూపించారు తప్ప ఇది ఎవరి దగ్గరా లేదు. అందుకే ఆన్‌లైన్.

మొదట వచ్చింది కింబర్లైట్ కాదు. ఇది సూటిగా చెప్పాలి. నల్లగా, సన్నటి గింజతో, ఎటు తిప్పినా ఒకే రంగు, సుత్తితో తడితే ఖంగుమంది. మా యూనిట్‌కి అలాంటి నల్ల డోలరైట్ బ్లాకులు వస్తూనే ఉంటాయి, చూడగానే అనుమానం వచ్చింది. కత్తి మొనతో గీశాను, కింబర్లైట్ అయితే చాలాచోట్ల గీత పడాలి, పడలేదు, పైగా కత్తి ఇనుమే రాయి మీద తెల్లగా రాసుకుంది. యాసిడ్ చుక్క వేశాను, కదలిక లేదు. ఫొటోలు పెట్టి అడిగితే అమ్మినవాళ్లు "ఇది నేచురల్ ప్రొడక్ట్ సార్, ఒక్కో ముక్క ఒక్కోలా ఉంటుంది" అన్నారు. ఒక్కోలా ఉండటం నాకు తెలియని సంగతి కాదు, కానీ బియ్యం అడిగినవాడికి జొన్నలు పంపి గింజలు ఒక్కోలా ఉంటాయంటే ఎట్లా. మూడు రోజులు మాటామాటా అయ్యాక కత్తితో గీసే వీడియో, యాసిడ్ వేసే వీడియో రెండూ తీసి పంపాను, అప్పుడు ఒప్పుకున్నారు. మార్చి పంపడానికి 17 రోజులు పట్టింది, వెనక్కి పంపే కొరియర్ డబ్బులు నావే. తప్పు వాళ్లది అయినప్పుడు ఆ డబ్బులు నా చేత కట్టించడం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

రెండోసారి వచ్చింది మాత్రం అసలైన సరుకు.

గుప్పెట్లో పట్టేంత ముక్క, మా ఆఫీసు తూకంలో 412 గ్రాములు. నీలం కలిసిన బూడిద పచ్చ రంగు, పాత సిమెంటు గోడ మీద నాచు ఎండిపోతే వచ్చే రంగు ఉంటుందే, అది. పాలిష్ గ్రానైట్‌కి అలవాటు పడిన కన్నుకి మొదట ఇదేం రాయి అనిపిస్తుంది, కంకర, సిమెంటు కలిపి పోసిన కాంక్రీటు పెచ్చులా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే గానీ సంగతి తెలియదు. గుండ్రటి లేతపచ్చ గింజలు నిండా ఉన్నాయి, అవి ఒకప్పటి ఒలివిన్ అనే ఖనిజం, నీరు పట్టి చాలావరకు సర్పెంటైన్ అనే మెత్తటి ఖనిజంగా మారిపోయాయి. నల్లగా నిగనిగలాడే గింజలు ఇల్మెనైట్, ఇనుము ఉన్న ఖనిజం. సన్నటి తెల్ల చారలు కాల్సైట్, అంటే సున్నపు ఖనిజం, యాసిడ్ వేస్తే అక్కడే బుసబుసమని పొంగింది. ఒక మూల తెల్లటి పలకరాయి ముక్క మొత్తంగా ఇరుక్కుని ఉంది, అది ఈ రాయిది కాదు, ఇది పైకొచ్చే దారిలో పక్క గోడ నుంచి పెళ్లగించి తెచ్చుకున్నది. ఇంకో వైపు దానిమ్మ గింజ రంగులో ఒక గార్నెట్, పెసర గింజంత, పైరోప్ అంటారు, నవరత్నాల్లో మనం గోమేదికం అనే రాయి కుటుంబమే. దాని చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి అంచు ఉంది చూడండి, ఆ అంచు నాకు ఈ రాయి మొత్తంలో చాలా ఇష్టమైన చోటు. లోతుల్లో విపరీతమైన ఒత్తిడిలో హాయిగా ఉన్న గార్నెట్, పైకి వచ్చే దారిలో ఒత్తిడి తగ్గి, చుట్టూ ఉన్న వేడి ద్రవం తగిలి, అంచు నుంచి మారడం మొదలుపెట్టింది. పూర్తిగా మారిపోయేలోపు రాయి చల్లబడిపోయింది. ఆ ప్రయాణం ఎంత వేగంగా జరిగిందో ఆ నల్ల గీత చూస్తే అర్థమవుతుంది.

మా అమ్మది సైదాపురం. గూడూరు, సైదాపురం, కలిచేడు అంటే అభ్రకం గనుల సీమ, అమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి షెడ్డులో కూర్చుని అభ్రకం దిమ్మల్ని కత్తితో రేకులు రేకులుగా విడదీసే పనికి వెళ్లేది. ఇప్పుడు చూపు సరిగా ఆనదు. రాయిని చేతికిస్తే బొటనవేలితో నిమిరి, ఒకచోట ఆగి, గోటితో గీకి, "ఇది మా కాకిబంగారమే గదరా, రంగు ఒక్కటే మారుండాది" అంది. నేను భూతద్దంతో వెతికినప్పుడు ఆ రేకును ఏదో మెరుపు అనుకుని దాటేశాను. అమ్మ చెప్పింది నిజమే, అది ఫ్లోగోపైట్, మెగ్నీషియం ఎక్కువుండే గోధుమరంగు అభ్రకం. నెల్లూరు అభ్రకం మస్కొవైట్, ఇస్త్రీ పెట్టెల్లో కాయిల్ చుట్టే ఆ తెల్లటి రేకు. రెండూ ఒకే తల్లి బిడ్డలు. గోటితో పట్టుకునే ఆ చేతికి భూతద్దం అక్కర్లేదు.

ఇక కార్డు సంగతి. రాయికి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను, కార్డుకి ఒకటి. "వజ్రం పుట్టే రాయి" అని పెద్ద అక్షరాలతో వేశారు. వజ్రం ఇందులో పుట్టదు. భూమి లోపల 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున, పాత ఖండాల అడుగున, కార్బన్ మీద ఆ ఒత్తిడి, ఆ వేడి పడితే వజ్రమవుతుంది, చాలా వజ్రాల వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే, కొన్నింటిది మూడొందల కోట్లు కూడా దాటుతుంది. కింబర్లైట్ చాలా తర్వాత వచ్చి, దారిలో ఉన్నవాటిని ఎక్కించుకుని పైకి తెచ్చే బస్సు. ఒంగోలు బస్టాండులో దిగినవాళ్లు బస్సులో పుట్టినట్టా? మా అమ్మాయికి ఇట్లా చెబితే ఒక్క నిమిషంలో అర్థమైంది, కార్డులో నాలుగు లైన్లు రాసినవాళ్లు ఈ ఒక్క లైను రాసి ఉంటే సరిపోయేది.

ఆ బస్సు వేగం కూడా మామూలుది కాదు. ఈ ద్రవంలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి బాగా కరిగి ఉంటాయి, పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి అవి విడిపోతాయి, గోలీ నొక్కగానే సోడా ఎగదన్నినట్టు. గంటల్లోనో, మహా అయితే కొద్ది రోజుల్లోనో అంత లోతు నుంచి పైకి వచ్చేస్తుంది. నిదానంగా వచ్చి ఉంటే వజ్రం దారిలోనే మెత్తబడి గ్రాఫైట్ అయ్యేది, అంటే పెన్సిల్ ములుకు. నేల దగ్గరికి వచ్చేసరికి పేలుడుగా బయటపడుతుంది, అందుకే అది వచ్చిన దారి, అంటే దాని గొట్టం, ముల్లంగి ఆకారంలో, పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నంగా ఉంటుంది. మా గెలాక్సీ తీరిగ్గా చల్లారిన రాయి, ఇది పరుగున వచ్చిన రాయి. రెండు ముక్కలూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది, నాకైతే ఈ డబ్బా డబ్బులు అక్కడే గిట్టాయి.

కార్డులో ఇంకో లోటు, "ఆఫ్రికా" అని మాత్రమే రాసి ఏ గనిదో రాయలేదు. ఊరు పేరు లేని నమూనాకి సగం విలువ పోయినట్టే, క్వారీ పేరు చెప్పకుండా మా దగ్గర ఎవరూ బ్లాక్ కొనరు. అసలు ఈ రాయి పేరే ఒక ఊరి నుంచి వచ్చింది, దక్షిణాఫ్రికాలో కింబర్లీ. 1870 ముందు వరకు ప్రపంచానికి వజ్రమంటే వాగుల్లో, నదుల గులకరాళ్లలో దొరికేదే. మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో కూడా అట్లాగే, టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి 17వ శతాబ్దంలో వచ్చి చూసి రాసిన గని అది, అక్కడ తవ్వింది గులకరాళ్ల పొరనే. నదికి దూరంగా, నేలలో నిలువునా దిగిన రాయిలో వజ్రాలున్నాయని కింబర్లీలో తేలింది. పైన గాలికి, వానకి చివికి పసుపు రంగుకి తిరిగిన పొరను పసుపు నేల అన్నారు, దాని కింద గట్టిగా ఉన్నదాన్ని నీలి నేల అన్నారు, నా దగ్గరున్నది ఆ నీలి నేల రకమే. 1887లో హెన్రీ కార్విల్ లూయిస్ దీనికి కింబర్లైట్ అని పేరు పెట్టాడు.

మనకు మాత్రం ఊరి పేరులోనే వజ్రం ఉంది కదా. అనంతపురం జిల్లా వజ్రకరూరు, ఆ చుట్టుపక్కల కింబర్లైట్ గొట్టాలు ఎన్నో ఉన్నాయి, సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. కింబర్లీవి వాటి ముందు పసిపిల్లలు, 8, 9 కోట్ల ఏళ్లవి. తెలుగువాళ్లకి అమ్మే డబ్బాలో వజ్రకరూరు మాట ఒక్కచోటా లేకపోవడం నాకు కష్టంగా అనిపించింది. అంతెందుకు, గిద్దలూరు నుంచి నంద్యాల రైల్లో పోతుంటే నల్లమలలో చెలమ స్టేషన్ వస్తుంది, ఆ దగ్గర్లో లాంప్రోయిట్ డైకులున్నాయి, అంటే నేల పగుళ్లలో గోడల్లా దిగిన రాయి, ఇంచుమించు 140 కోట్ల ఏళ్లవి. లాంప్రోయిట్ అంటే కింబర్లైట్‌కి వరసకి పెదనాన్న కొడుకులాంటి రాయి, ఆస్ట్రేలియాలో 2020లో మూతపడిన ఆర్గైల్ వజ్రాల గని ఆ రకం రాయిలోనే ఉండేది. మనవాళ్లు ఎంతమంది ఆ రైల్లో బోగద దాటేటప్పుడు కిటికీలోంచి చూసి ఉంటారు, కింద ఏముందో ఒక్క కార్డు ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

అన్నిటికంటే కోపం వచ్చింది ప్రకటనలో వేసిన మాటకి, "మీ ముక్కలో వజ్రం ఉండొచ్చు!" అని. దయచేసి ఆ మాట నమ్మి కొనకండి. కింబర్లీలో బిగ్ హోల్ అనే ఆ పెద్ద గొయ్యిలో 1871 నుంచి 1914 దాకా తవ్వారు, సుమారు 2 కోట్ల 25 లక్షల టన్నులు తీస్తే వచ్చిన వజ్రాలు సుమారు 2,700 కిలోలు. క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే టన్నుకి ఒక క్యారెట్ కూడా సరిగా పడలేదు, అదీ చరిత్రలో పేరు మోసిన గనిలో. ఆ లెక్కన నా 412 గ్రాముల ముక్కకి వచ్చే వాటా ఒక క్యారెట్‌లో నాలుగు వేలో వంతు. పైగా చాలా కింబర్లైట్లలో తవ్వడానికి గిట్టేంత వజ్రాలు ఉండవు, బస్సు వచ్చింది గానీ ఎక్కినవాళ్లు లేరు. మా వీధిలో ఇద్దరు ఈ రాయి చూసి పగలగొట్టి చూద్దామన్నారు, వాళ్లు ప్రతి ఏడూ తొలకరి పడగానే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతకడానికి వెళ్లొచ్చేవాళ్లే. అక్కడ దొరికేవి వాన కడిగిన మట్టిలో విడిగా పడి ఉన్నవి, అట్లా విడిపడి పొలంలోకి రావడానికి ఎంత రాయి ఎన్నేళ్లు అరిగిపోయిందో. చేతిలో ముక్క పగలగొడితే మిగిలేది పొడి, నేను ఇవ్వలేదు.

వజ్రం కంటే ఆ ఎర్ర గార్నెట్, నల్ల ఇల్మెనైట్ గింజలే గనులు వెతికేవాళ్లకి దారి చూపిస్తాయి. వజ్రాలు మరీ తక్కువ, ఇవి ఎక్కువ, వాగు ఇసుకలో ఇవి కనిపిస్తే ఎగువన ఎక్కడో గొట్టం ఉన్నట్టు గుర్తు. కెనడాలో 1991లో చార్లెస్ ఫిప్కీ, స్టూవర్ట్ బ్లుస్సన్ ఇలాంటి గింజల దారి పట్టుకునే వజ్రాలున్న గొట్టాన్ని కనుక్కున్నారు, తర్వాత అక్కడ ఎకాటీ గని వచ్చింది. బోత్స్వానాలో కలహారి ఇసుక కింద దాగినవాటి జాడకి చెదలు పుట్టలోకి పైకి తెచ్చిన గింజలు కూడా పనికొచ్చాయి. ఈ సంగతి చెప్పాక మా అమ్మాయి ఆ గార్నెట్ ఉన్న వైపు కోయొద్దని పట్టుబట్టింది.

కోత దగ్గరికి వస్తాను. మా యూనిట్‌లో పెద్ద మెషిన్లు, ఇంత చిన్న ముక్క పెట్టడానికి కుదరదు, అందుకే బయట షాపుకి వెళ్లాను. పెద్దవయసు మేస్త్రి, నలభై ఏళ్ల అనుభవం. చేతిలోకి తీసుకుని గోటితో నొక్కి, "ఇది రాయి కాదబ్బాయ్, ముదిరిన బంకమట్టి. నీళ్లు పోసి కోస్తే నానిపోతది" అన్నాడు. కింబర్లీలో పాతరోజుల్లో నీలి నేలను తవ్వి తెచ్చి మైదానంలో నెలల తరబడి పరిచి వదిలేసేవాళ్లు, ఎండకి, వానకి అదే విచ్చుకుని పొడవుతుందని, తర్వాత కడిగేవాళ్లు. ఆయనకి ఆ కథ తెలియదు, చేత్తో తెలిసిపోయింది. ముందు రెజిన్, హార్డనర్ కలిపి ముక్క నిండా పట్టించి ఒక రాత్రి ఆరబెట్టాడు, గ్రానైట్ స్లాబుల్లో పగుళ్లు పూడ్చడానికి మేం వాడేదే. తెల్లారి నీళ్లు బాగా తగ్గించి, నెమ్మదిగా, ఐదు నిమిషాలకోసారి ఆపి గుడ్డతో తుడుస్తూ కోశాడు. బ్లేడు అంచు సెగ్మెంట్లలో ఉండేది ఫ్యాక్టరీలో తయారుచేసిన వజ్రపు పొడి. వజ్రాన్ని మోసుకొచ్చే రాయిని వజ్రంతోనే కోస్తున్నామని చెబితే మేస్త్రి మెషిన్ ఆపి, ముక్కని మళ్లీ ఒకసారి తిప్పి చూశాడు.

పాలిష్ గురించి ఆశ పెట్టుకోకండి. మెత్తటి సర్పెంటైన్ ముందే అరిగిపోతుంది, గట్టి గింజలు నిలబడిపోతాయి, అందువల్ల గెలాక్సీలాంటి అద్దపు మెరుపు రాదు, మెరుపు అక్కడక్కడా, మిగతాదంతా మసక. కానీ రంగులు మాత్రం పది రెట్లు తేలాయి, పచ్చ గింజల గుండ్రాలు, వాటి మధ్య తెల్ల చారలు, ఎండలో పెడితే ఎంతసేపైనా చూడొచ్చు. 8 మిల్లీమీటర్ల మందం పలక ఒకటి, గార్నెట్ ఉన్న మిగతా ముక్క అట్లాగే. 300 రూపాయలు తీసుకున్నాడు, రెజిన్‌తో కలిపి, నేను ఇంకో వంద ఇవ్వబోతే వద్దన్నాడు. కోతలో రాలిన పెచ్చు ఒకటి రెజిన్ లేనిది బకెట్‌లో వేసి చూశాను, రెండు రోజులకి అంచులు బురదయ్యాయి. కాబట్టి ఈ రాయి కొన్నవాళ్లు కడగొద్దు, పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు, వానాకాలంలో మూతపెట్టిన డబ్బాలో ఉంచండి.

కొనేటప్పుడు నాలా మొదటిసారి మోసపోకుండా ఉండాలంటే, ఒకే రంగు, ఒకే గింజ ఉన్న నల్ల రాయి వస్తే ఒప్పుకోకండి, ఇందులో రకరకాల గింజలు, వేరే రాళ్ల ముక్కలు కలిసి ఉండాలి. తాజాగా విరిగిన రాయైతే చాలాచోట్ల కత్తికి గీత పడాలి. దారానికి చిన్న అయస్కాంతం కట్టి దగ్గరికి తెస్తే ఇనుము ఉన్న నల్ల గింజల దగ్గర కొద్దిగా లాగుతుంది, ఇది ఒక్కటే చాలదు, డోలరైట్ కూడా లాగుతుంది, మిగతావాటితో కలిపి చూడండి.

మిగతా పదకొండు రాళ్లు బాగానే ఉన్నాయి, స్కూలు పిల్లలకి పనికొస్తాయి, ప్యాకింగ్ గట్టిగా ఉంది. 1,450 పెట్టొచ్చా అంటే కింబర్లైట్ అసలైనది వస్తే పెట్టొచ్చు. కార్డు తప్పులన్నీ రాసి అమ్మినవాళ్లకి పంపాను, కొత్త ప్రింటులో మారుస్తామన్నారు, ప్రకటనలో ఆ వజ్రం మాట మాత్రం ఈరోజుకీ అట్లాగే ఉంది.

పలక స్కూలుకి వెళ్లింది, ల్యాబ్‌లో పెట్టారు. కోసేటప్పుడు ఊడిన ఫ్లోగోపైట్ రేకుని అమ్మ అడిగి తీసుకుంది, సైదాపురం నుంచి తెచ్చుకున్న పాత అభ్రకం రేకు ఒకటి ఆమె ట్రంకుపెట్టెలో ఉంది, రెండూ కలిపి ఒకే కాగితంలో మడిచి పెట్టుకుంది.